మిషన్ లేని ల్యాబ్‌లో ఈఆర్ స్లైడ్: ఫార్మలిన్ డబ్బా నుంచి మైక్రోస్కోపు దాకా

రొమ్ములో గడ్డ ఉందని సూదితో తీసిన సన్నటి ముక్కలు మీ బల్ల మీదికి వచ్చాయనుకోండి. హెచ్ అండ్ ఈ స్లైడ్ (హెమటాక్సిలిన్, ఈయోసిన్ అనే రెండు రంగులు వేసిన మామూలు స్లైడ్) చూశాక క్యాన్సర్ అని తేలిపోయింది. ఇక ఆంకాలజిస్టు ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట: "ఈఆర్ ఏమొచ్చింది?" ఆ కణాల్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటే టమాక్సిఫెన్ లాంటి హార్మోన్ మందులు పనిచేసే అవకాశం ఉంటుంది. లేకపోతే వైద్యం దారే వేరు. నీలం, గులాబీ రంగుల హెచ్ అండ్ ఈ స్లైడ్‌ను ఎంతసేపు చూసినా ఆ సంగతి తెలియదు. దానికి ఒక్క ఆ ప్రొటీన్‌నే గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీ కావాలి.

పెద్ద సెంటర్లలో ఈ పనంతా మిషన్ చేసేస్తుంది. ఇక్కడ రాస్తున్నది మిషన్ లేనివాళ్ల కోసం. జిల్లా కేంద్రంలో చిన్న ల్యాబ్ నడిపేవాళ్లు, థీసిస్ కోసం ముప్పై నలభై బ్లాకులు (మైనంలో పోతపోసిన ముక్కలు) ముందేసుకుని కూర్చున్న పీజీలు, రీసెర్చ్‌లో కొత్తగా చేరిన పిల్లలు. మిషన్ ఉన్నవాళ్లు కూడా రెండు మూడుసార్లు చేత్తో చేసి చూడటం మంచిదంటాను. లోపల ఏం జరుగుతుందో తెలియకపోతే, స్లైడ్ చెడిన రోజున ఇంజినీరుకు ఫోన్ చేయడం తప్ప ఇంకేమీ తోచదు.

ముందు అసలు సంగతి అర్థం చేసుకోండి. వెయ్యి మంది ఉన్న పెళ్లి పందిట్లో ఒక మనిషిని వెతకాలి. ఆ మనిషి ముఖం తెలిసినవాణ్ని ఒకణ్ని లోపలికి పంపుతారు. వాడు వెళ్లి ఆ మనిషి పక్కన నిలబడతాడు, కానీ దూరం నుంచి మీకు వాడూ కనపడడు. అందుకని వాడి వెనకే డప్పువాళ్లను పంపుతారు. డప్పు ఎక్కడ మోగితే మన మనిషి అక్కడ ఉన్నట్టు. ముఖం తెలిసినవాడు ప్రైమరీ యాంటీబాడీ. వాడి వెంట వెళ్లే డప్పువాళ్లు పెరాక్సిడేజ్ ఎంజైమ్ తగిలించిన సెకండరీ యాంటీబాడీ. డప్పు మోత అంటే డీఏబీ అనే రసాయనం ఆ ఎంజైమ్ దగ్గర గోధుమ రంగుగా మారి అక్కడే దిగిపోవడం. 1940ల తొలినాళ్లలో ఆల్బర్ట్ కూన్స్ యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి ఈ దారి తెరిచాడు. 1966లో పాల్ నకానే మెరిసే రంగు బదులు ఎంజైమ్ తగిలించడంతో మామూలు మైక్రోస్కోపుతోనే చూడటం వీలైంది. మనం ఇప్పుడు చేసేది ఆ రెండో పద్ధతికి మనవడు.

ఈ పందిరి కథను గుర్తుపెట్టుకోండి. పనిలో వచ్చే తప్పులన్నీ ఇందులోనే ఉన్నాయి: పందిట్లో ముందే వేరే డప్పులు ఉండటం, వెతికే మనిషి ముఖానికి ముసుగు ఉండటం, మనం పంపినవాడు దొరికిన ప్రతివాడి భుజం మీదా చెయ్యి వేయడం.

ముక్క మీ చేతికి రాకముందే సగం పని అయిపోతుంది

ఈఆర్ స్లైడ్ చెడిందంటే అందరూ ముందు యాంటీబాడీని తిడతారు. నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు ఆపరేషన్ థియేటర్‌కీ మీ బల్లకీ మధ్య దారిలో జరిగి ఉంటుంది.

ముక్క ఒంట్లోంచి బయటికొచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. ఆలస్యమైతే ప్రొటీన్లు పాడవడం మొదలవుతుంది. వాడాల్సింది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. సీసాలోని ఫార్మలిన్‌ను కుళాయి నీళ్లలో కలిపేసి పంపకండి. లీటరుకు లెక్క ఇది: 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. బఫర్ (ఆమ్లత మారకుండా పట్టి ఉంచే లవణాలు) లేని ఫార్మలిన్ నెమ్మదిగా పులిసి ఆమ్లమవుతుంది. అలాంటి దాంట్లో నెత్తురున్న ముక్క నానితే నలుపు కలిసిన గోధుమ రంగు పొడి స్లైడ్ అంతా కనిపిస్తుంది. డీఏబీ చూసే చోట అది పెద్ద తలనొప్పి.

ముక్క కంటే ఫార్మలిన్ కనీసం పది రెట్లు ఉండాలి. నానే సమయం 6 గంటలకు తగ్గకూడదు, 72 గంటలు దాటకూడదు. అమెరికా ఆంకాలజీ, పాథాలజీ సంఘాల మార్గదర్శకాలు రొమ్ము క్యాన్సర్ పరీక్షలకు పెట్టిన హద్దు ఇదే. కోర్ బయాప్సీ (సూదితో తీసిన సన్నటి ముక్క) దారం లాంటిదే కదా, రెండు గంటలు చాలదా అనిపిస్తుంది. చాలదు. ఫార్మలిన్ లోపలికి దిగడం వేరు, ప్రొటీన్లను పట్టి బిగించడం వేరు. దిగడం త్వరగానే అవుతుంది, బిగించడానికి గంటలు కావాలి.

ఒకసారి బయటి ఊరి నుంచి రొమ్ము మొత్తం తీసిన ముక్క వచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి పెట్టారు. ఫార్మలిన్ అడుగున రెండు వేళ్ల లోతు కూడా లేదు. శనివారం ఆపరేషన్, డబ్బా మా దగ్గరికి చేరింది సోమవారం మధ్యాహ్నం. కత్తి పెట్టి కోస్తే పైన బూడిద రంగులో గట్టిపడి ఉంది, లోపల గడ్డ చుట్టూ ఇంకా ఎర్రగా, చేతికి జారుతూ ఉంది. ఈఆర్ చేస్తే గడ్డ అంచున ఉన్న కణాలు చక్కగా గోధుమ రంగులో ఉన్నాయి. మధ్యకు వచ్చేసరికి ఏమీ లేదు. మధ్యలోంచి మాత్రమే బ్లాక్ తీసి ఉంటే ఆమె రిపోర్టు నెగటివ్ అని వెళ్లిపోయేది. అంతకుముందు తీసిన కోర్ బయాప్సీ బ్లాక్ తెప్పించి చేస్తే బలమైన పాజిటివ్ వచ్చింది. అప్పటి నుంచి వీలైతే ఈఆర్ కోర్ మీదే చేస్తాను. పెద్ద ముక్క వస్తే, రాగానే అర సెంటీమీటరు మందాన బిళ్లలుగా కోసి, మధ్యలో గాజుగుడ్డ ముక్కలు పెట్టి మళ్లీ ఫార్మలిన్‌లో వేస్తాం.

సెక్షన్ కట్ చేయడం

సెక్షన్ అంటే బ్లాక్ నుంచి కోసిన పలచటి పొర. మందం 3 నుంచి 4 మైక్రాన్లు. అంతకంటే మందమైతే కణం మీద కణం పడి లెక్క తప్పుతుంది. మామూలు స్లైడ్లు పనికిరావు. ఛార్జ్‌డ్ స్లైడ్లు గానీ, పాలీ-ఎల్-లైసిన్ పూసినవి గానీ తీసుకోండి. రొమ్ము ముక్కలో కొవ్వు ఎక్కువ. తర్వాత కుక్కర్లో ఉడికించేటప్పుడు మామూలు స్లైడ్ మీంచి కొవ్వు భాగం చేప పొలుసులా లేచిపోతుంది.

రిబ్బన్‌ను (ఒకదాని వెంట ఒకటి వచ్చే సెక్షన్ల పట్టీని) గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి స్లైడ్‌తో ఎత్తాక, అంచు కింద టిష్యూ కాగితం పెట్టి నిలువుగా నిలబెట్టండి. సెక్షన్ కింద నీటిచుక్క మిగిలితే అక్కడ బుడగలా లేస్తుంది, ఆ మడతలో రంగు చేరి పాజిటివ్‌లా కనపడుతుంది. నీరు కారాక 60 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిలో ఉంచండి. స్లైడ్ మీద నంబరు పెన్సిల్‌తోనే రాయాలి. పెన్నుతో రాస్తే జైలీన్‌లో పోతుంది. అప్పుడు ఏ స్లైడ్ ఎవరిదో దేవుడికే తెలియాలి.

ప్రతి స్లైడ్ మీదా ఇంకో చిన్న ముక్క ఉండాలి: కంట్రోల్, అంటే ఎలా రంగు పట్టాలో ముందే తెలిసిన ముక్క. ఈఆర్‌కు గర్భాశయ ముఖద్వారం ముక్క చాలా బాగుంటుంది. అందులో గ్రంథి కణాలు, చుట్టూ ఉన్న స్ట్రోమా (ఆధార కణజాలం) కణాలు దాదాపు అన్నీ బలంగా రంగు పట్టాలి. దానితో పాటు టాన్సిల్ కూడా పెట్టగలిగితే ఇంకా మంచిది. టాన్సిల్‌లో అక్కడక్కడా కొన్ని కణాలు మాత్రమే, అదీ పలచగా పడతాయి. బలమైన పాజిటివ్ ఎంత చెత్తగా చేసినా పడుతుంది. ఆ పలచటివి పడ్డాయా అన్నదే మీ పనితనానికి అసలు పరీక్ష. కట్ చేసిన సెక్షన్లను నెలల తరబడి డబ్బాలో దాచుకోవద్దు. ఈఆర్‌కు ఆరు వారాలు దాటితే మళ్లీ కొత్తగా కట్ చేయడమే మేలు.

మైనం తీయడం

ఇది నడిచిపోయే పని. జైలీన్ మూడు జాడీలు, ఒక్కోదాంట్లో 5 నిమిషాలు. తర్వాత ఆల్కహాల్ 100, 100, 95, 70 శాతం, ఒక్కోదాంట్లో 2 నుంచి 3 నిమిషాలు. ఆపై డిస్టిల్డ్ వాటర్. జైలీన్ పాతబడితే మైనం పూర్తిగా వదలదు, మైనం ఉన్నచోటికి నీళ్లు పోవు, నీళ్లు పోనిచోటికి యాంటీబాడీ పోదు. స్లైడ్ మీద మచ్చలు మచ్చలుగా రంగు పట్టకుండా పోతే ముందు జైలీన్ మార్చండి.

ఇక్కడ ఒక ఒట్టు పెట్టుకోండి: ఒకసారి నీళ్లలోకి దిగాక డీపీఎక్స్ (స్లైడ్ మీద మూత గాజును అంటించే జిగురు) కింద మూసే పనికి ముందు దాకా ఆ సెక్షన్ ఆరకూడదు. ఒక్క నిమిషం కూడా.

కుక్కర్ పని: యాంటిజెన్ రిట్రీవల్

ఫార్మలిన్ ముక్కను కాపాడుతుంది, నిజమే. కానీ కాపాడే క్రమంలో ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. పందిరి కథలో ముఖానికి ముసుగు పడటం ఇదే. ఎవర్ని వెతకాలో తెలిసినా ముఖం కనపడదు. ఏళ్ల తరబడి ఎన్నో యాంటీబాడీలు ఫార్మలిన్ ముక్కల మీద పనిచేయవని పక్కన పెట్టేశారు. 1991లో షాన్-రాంగ్ షీ, ఆయన సహచరులు స్లైడ్లను మైక్రోవేవ్‌లో మరిగించి చూశారు. ముడులు వదిలాయి, రంగు పట్టింది. ఇలా ముసుగు తీయడాన్నే యాంటిజెన్ రిట్రీవల్ అంటారు. ఇవాళ ప్రతి ల్యాబ్‌లోనూ జరిగేది దాని కొనసాగింపే.

బఫర్లు రెండు రకాలు. సిట్రేట్ బఫర్, పీహెచ్ 6.0: ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.94 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పీహెచ్ సరిచేసి, ట్వీన్ 20 అర మిల్లీలీటరు కలపాలి. ట్రిస్-ఈడీటీఏ, పీహెచ్ 9.0: ట్రిస్ బేస్ 1.21 గ్రాములు, డైసోడియం ఈడీటీఏ 0.37 గ్రాములు, నీళ్లు లీటరు, ట్వీన్ 20 అర మిల్లీలీటరు. ఈఆర్‌కు, ముఖ్యంగా ఎస్‌పీ1 అనే కుందేలు క్లోన్ (కుందేలు నుంచి వచ్చిన ఒక రకం ఈఆర్ యాంటీబాడీ) వాడుతుంటే, పీహెచ్ 9.0 వైపే మొగ్గుతాను. ఏ యాంటీబాడీకి ఏది అన్నది దానితో వచ్చే కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని డబ్బాతో పాటు పారేయకండి.

మైక్రోవేవ్, వాటర్ బాత్, స్టీమర్ ఏదైనా సరే. వాటర్ బాత్‌లో అయితే 95 నుంచి 98 డిగ్రీల మధ్య 20 నుంచి 40 నిమిషాలు. నా ఓటు మాత్రం ప్రెషర్ కుక్కర్‌కే. కరెంటు పోయినా గ్యాసు మీద పని ఆగదు, లోపలంతా వేడి ఒకేలా ఉంటుంది. చేసే తీరు ఇది. ముందు బఫర్‌ను కుక్కర్లో మూత పెట్టకుండా కళపెళా మరగనివ్వండి. స్లైడ్లను లోహపు ర్యాకులో పెట్టి, మరుగుతున్న బఫర్‌లోకి దించండి. పూర్తిగా మునగాలి. మూత పెట్టి, విజిల్ పెట్టండి. మొదటి విజిల్ వచ్చాక మంట సిమ్‌లోకి తగ్గించి, అక్కడి నుంచి గడియారం చూసుకుని 3 నిమిషాలు. విజిల్స్ లెక్కపెట్టకండి. పప్పుకు విజిల్స్ లెక్క సరిపోతుంది, ఇక్కడ నిమిషాలే లెక్క. ఒక్కో కుక్కర్ తీరు ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ కుక్కర్‌కు 2, 3, 5 నిమిషాలు కంట్రోల్ ముక్కలతో వేసి చూసి, బాగున్న దాన్ని గోడ మీద రాసి పెట్టుకోండి.

పొయ్యి ఆపాక ఆవిరి దానంతటది దిగనివ్వాలి. మూత తీశాక స్లైడ్లను అదే బఫర్‌లో 20 నిమిషాలు చల్లారనివ్వండి. ఆత్రంగా కుళాయి కింద పెడితే సెక్షన్ ఊడిపోవడమో, సగం తెరుచుకున్న ముడులు మళ్లీ ఎలాగోలా ముడుచుకోవడమో జరుగుతుంది. చెప్పనక్కర్లేదు గానీ చెబుతున్నాను: ఒకసారి ల్యాబ్‌లోకి వచ్చిన కుక్కర్ మళ్లీ ఏ వంటింటికీ పోకూడదు.

వేరే డప్పులు ఆపడం

ఎర్ర రక్తకణాల్లో, కొన్ని తెల్ల రక్తకణాల్లో పెరాక్సిడేజ్ లాంటి పని చేసే గుణం ముందే ఉంటుంది. దాన్ని ఆపకపోతే యాంటీబాడీ వేయకున్నా డీఏబీ అక్కడ గోధుమ రంగులోకి మారుతుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు వేయండి. 30 శాతం సీసా ఉంటే ఒక పాలుకు తొమ్మిది పాళ్లు నీళ్లు, లేదా మెథనాల్. వేయబోయే ముందే కలపాలి. నిన్న కలిపిన పెరాక్సైడ్ ఇవాళ వట్టి నీళ్లతో సమానం.

కడగడానికి ట్రిస్ బఫర్డ్ సెలైన్: ట్రిస్ బేస్ 6.05 గ్రాములు, ఉప్పు 8.76 గ్రాములు, లీటరు నీళ్లు, పీహెచ్ 7.6, ట్వీన్ 20 అర మిల్లీలీటరు. బూజు పట్టకుండా ఉండాలని ఇందులో సోడియం అజైడ్ వేసే అలవాటు కొందరికి ఉంది. అజైడ్ పెరాక్సిడేజ్‌ను చంపేస్తుంది, మీ డప్పు మోగదు. వారానికోసారి కొత్తగా కలుపుకోండి, అంతే.

కడిగాక సెక్షన్ చుట్టూ తుడిచి, పాప్ పెన్‌తో గీత గీయండి. మధ్యలో నీరు ఒలికిపోకుండా గట్టులా పనిచేస్తుంది. తుడిచేటప్పుడు సెక్షన్‌కు తగలకూడదు, సెక్షన్ ఆరనూ కూడదు. ఒకేసారి ఇరవై స్లైడ్లు తుడవడం మొదలుపెడితే ఇరవయ్యోది తుడిచేలోగా మొదటిది ఆరిపోతుంది. నాలుగేసి చొప్పున చేయండి. తర్వాత ప్రొటీన్ బ్లాక్ 10 నిమిషాలు. దీన్ని కడగకుండా వంచి దులిపేయాలి. అంటుకునే గుణం ఉన్న చోట్లను ఈ ప్రొటీన్ ముందే ఆక్రమిస్తుంది కాబట్టి మనం పంపేవాడు అందరి భుజం మీదా చెయ్యి వేయడు.

ప్రైమరీ యాంటీబాడీ

గాఢ యాంటీబాడీ కొంటే ఎంత పలచన చేయాలో మీరే తేల్చుకోవాలి. కాగితం మీద 1:100 అని ఉందనుకోండి. కంట్రోల్ ముక్కల మీద 1:50, 1:100, 1:200, 1:400 నాలుగూ వేసి చూడండి. టాన్సిల్‌లో పలచటి కణాలు కనపడుతూ, పక్కన ఖాళీగా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉన్న పలచనే మీది. 1:100 అంటే 10 మైక్రోలీటర్ల యాంటీబాడీకి 990 మైక్రోలీటర్ల డైల్యుయెంట్ (పలచన చేసే ద్రవం). ఎక్కువ వేస్తే రంగు బాగా వస్తుందనుకోవడం పచ్చి పొరపాటు. నేపథ్యమంతా మురికిగా మారి, డబ్బూ పోయి, సమాధానమూ పోతుంది.

స్లైడ్‌కు 100 నుంచి 200 మైక్రోలీటర్లు. తేమ పెట్టెలో పెట్టి మూత వేసి, గది వేడిలో 30 నుంచి 60 నిమిషాలు, లేదా ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. తేమ పెట్టెకు వేలు ఖర్చు పెట్టక్కర్లేదు. మూత బిగుతుగా పట్టే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడి టిష్యూలు, మీద రెండు గాజు కడ్డీలు. డబ్బా సమంగా ఉందో లేదో మాత్రం చూసుకోండి. వాలుగా ఉంటే యాంటీబాడీ ఒక మూలకు చేరుతుంది.

"గది వేడి" అన్న మాట దగ్గర ఆగాలి. ఆ కాగితాలు రాసేవాళ్ల గదిలో 20 నుంచి 25 డిగ్రీలు ఉంటాయి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఏసీ పనిచేయని గదిలో ఎంత ఉంటుందో మీకు తెలుసు. కొత్తల్లో నేను అలాంటి ఒక మధ్యాహ్నమే పన్నెండు స్లైడ్లు వేసి, డబ్బా మూత సరిగా పెట్టకుండా భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి చుక్కలు అంచుల్లో వెనక్కి జరిగి ఉన్నాయి. పైన కాస్త బఫర్ వేసి ఏమీ ఎరగనట్టు ముందుకు నడిపించాను. సాయంత్రం చూస్తే ప్రతి సెక్షన్ చుట్టూ మంచి గోధుమ రంగు అంచు, పూరీ కాలినట్టు. నేను మురిసిపోతుంటే మా సీనియర్ టెక్నీషియన్ ఒక్క చూపు చూసి, "అంచు చూసి మురవకు తమ్ముడూ, అది నువ్వు భోంచేసొచ్చిన గుర్తు" అన్నాడు. పన్నెండూ మళ్లీ చేశాం. ఇప్పుడు ఎండాకాలమంతా ప్రైమరీ రాత్రికి ఫ్రిజ్‌లోనే.

ఇంకో స్లైడ్ కూడా తప్పనిసరి: అదే రోగి ముక్క, అన్నీ అవే, ప్రైమరీ బదులు ఉత్త డైల్యుయెంట్. అది శుభ్రంగా నీలంగా మాత్రమే రావాలి. ఖర్చని దీన్ని మానేసేవాళ్లను చాలామందిని చూశాను. యాంటీబాడీ వేయని చోట కూడా గోధుమ రంగు వస్తోందంటే, వేసిన చోట వచ్చిన దాన్ని ఎలా నమ్ముతారు?

యాంటీబాడీ సీసాను మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించొద్దు. 2 నుంచి 8 డిగ్రీల దగ్గర ఉంచాల్సినదాన్ని అక్కడే, తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి.

సెకండరీ, డీఏబీ

బఫర్‌తో మూడుసార్లు కడిగి, పాలిమర్ సెకండరీ (ఒకే గొలుసుకు ఎన్నో ఎంజైమ్‌లు తగిలించిన సెకండరీ) 30 నిమిషాలు. ఇక్కడ చూడాల్సింది ఒకటే. మీ ప్రైమరీ కుందేలుదైతే సెకండరీ కుందేలును గుర్తుపట్టేది కావాలి, ఎలుకదైతే ఎలుకను. 6ఎఫ్11 ఎలుక క్లోన్, ఎస్‌పీ1 కుందేలుది. రెంటినీ గుర్తుపట్టే పాలిమర్లు దొరుకుతున్నాయి, చిన్న ల్యాబ్‌కు అవే సుఖం. రీసెర్చ్ పిల్లలకు ఒక మాట: ఎలుక ముక్క మీద ఎలుక యాంటీబాడీ వేస్తే సెకండరీ ఆ ముక్కలో సహజంగా ఉన్న యాంటీబాడీలన్నిటినీ పట్టుకుంటుంది. కుందేలు క్లోన్ వెతుక్కోండి. పాత అవిడిన్-బయోటిన్ కిట్ వాడుతుంటే కాలేయం, మూత్రపిండం ముక్కల్లో బయోటిన్ ముందే ఉంటుందని మరచిపోవద్దు.

డీఏబీ వేసే ముందు గ్లౌజులు వేసుకోండి. క్యాన్సర్ కలిగించగల పదార్థంగా అనుమానించేది ఇది. సింక్‌లో పారబోయకుండా వేరే సీసాలో పోగు చేసి, రసాయన వ్యర్థాల కింద పంపాలి. క్రోమోజెన్ (డీఏబీ ద్రవం), సబ్‌స్ట్రేట్ బఫర్ (పెరాక్సైడ్ ఉన్న ద్రవం) వేయబోయే ముందు కలిపి, మొదట కంట్రోల్ స్లైడ్ మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టండి. ఈ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ విసుగు పుట్టవు. మొదట ఏమీ ఉండదు. తర్వాత గ్రంథి కణాల వరసలో, ఒక్కో కేంద్రకం మీద టీ మరక పడ్డట్టు పలచటి రంగు. ఇంకాసేపటికి అది చిక్కబడుతుంది, చుట్టూ సైటోప్లాజం తెల్లగానే ఉంటుంది. ఆ సమయాన్ని, మామూలుగా 5 నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది, రాసుకుని మిగతా స్లైడ్లన్నిటికీ అంతే ఇవ్వండి. ఒకదానికి 4, ఇంకోదానికి 9 నిమిషాలు ఇచ్చి తర్వాత రెంటినీ పోల్చడం న్యాయం కాదు. నీళ్లతో ఆపేయండి.

ఆపై కేంద్రకాలకు నీలం రంగిచ్చే హెమటాక్సిలిన్ లేతగా, 30 సెకన్ల నుంచి నిమిషం. హెచ్ అండ్ ఈ అలవాటులో ముదురుగా వేస్తే, కేంద్రకంలోనే ఉండే ఈఆర్ పలచటి రంగు నీలం కింద మునిగిపోతుంది. పారే కుళాయి నీళ్లలో నీలం తేలాక ఆల్కహాల్, జైలీన్, డీపీఎక్స్. డీఏబీ ఆల్కహాల్‌లో కరగదు. ఎర్ర రంగు కోసం ఏఈసీ వాడితే మాత్రం కరుగుతుంది, దానికి నీళ్ల ఆధారం ఉన్న మౌంటెంట్ (మూత గాజు అంటించే జిగురు) కావాలి.

చూసే పని

రోగి ముక్క మీదికి కళ్లు పోనివ్వకండి. ముందు ప్రైమరీ వేయని స్లైడ్, తర్వాత కంట్రోల్, ఆ తర్వాత రోగి సెక్షన్‌లోనే ఎక్కడైనా మామూలు పాలనాళాలు ఉన్నాయేమో చూడండి. మామూలు నాళాల్లో కొన్ని కణాలు ఈఆర్ పాజిటివ్‌గా ఉంటాయి. గడ్డ నెగటివ్, పక్కనే నాళం పాజిటివ్ అయితే ఆ నెగటివ్‌ను నమ్మొచ్చు. నాళం కూడా నెగటివ్ అయితే మీ పరీక్షే ఫెయిలైంది, రిపోర్టు రాయకండి.

ఈఆర్ ఉండేది కేంద్రకంలో. సైటోప్లాజం మొత్తం గోధుమ రంగులో ఉంటే అది పాజిటివ్ కాదు. గడ్డ కణాల్లో 1 శాతం నుంచి పైకి కేంద్రకాలు రంగు పడితే పాజిటివ్. 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే 2020 మార్గదర్శకాల ప్రకారం "ఈఆర్ లో పాజిటివ్" అని విడిగా రాయాలి. చాలా చోట్ల ఆల్‌రెడ్ స్కోరు కూడా వాడతారు. ఎన్ని కణాలు పడ్డాయో దానికి 5 దాకా, ఎంత ముదురుగా పడ్డాయో దానికి 3 దాకా, రెండూ కూడితే గరిష్ఠం 8. ఈ నిర్ణయం పాథాలజిస్టుది, టెక్నీషియన్‌ది కాదు. స్లైడ్‌లో మచ్చ ఉంటే దాచకుండా చెప్పడం మాత్రం టెక్నీషియన్ బాధ్యతే.

ఇదే పద్ధతిలో ప్రైమరీ, బఫర్ మారిస్తే మిగతావీ చేయొచ్చు, కానీ రంగు ఎక్కడ పడాలో మారుతుంది. హెర్2 (రొమ్ము క్యాన్సర్‌లో చూసే ఇంకో రిసెప్టర్) కణం చుట్టూ పొర మీద పడాలి. పదిశాతం కంటే ఎక్కువ కణాల్లో చుట్టూ పూర్తిగా ముదురు గీత ఉంటే 3 ప్లస్. అదే గీత లేతగానో మధ్యస్థంగానో ఉంటే 2 ప్లస్, దాన్ని ఫిష్ పరీక్షకు (హెర్2 జన్యువు ప్రతులను లెక్కపెట్టే పరీక్ష) పంపాలి. కేఐ-67 (విభజన చెందుతున్న కణాలను చూపే ప్రొటీన్) మళ్లీ కేంద్రకంలోనే. ఆ పేరు వెనక పెద్ద అర్థమేమీ లేదు. జర్మనీలో కీల్ అనే ఊళ్లో, 96 గుంతల పళ్లెంలో 67వ గుంతలో దొరికిన క్లోన్, అంతే.

తేడా కొట్టినప్పుడు

అన్నీ ఖాళీగా వస్తే, కంట్రోల్ కూడా ఖాళీ అయితే, వెనక నుంచి ముందుకు రండి. ఒక ట్యూబులో సెకండరీ చుక్క, డీఏబీ చుక్క కలపండి. గోధుమ రంగు వస్తే ఆ రెండూ బతికే ఉన్నాయి, తప్పు రిట్రీవల్‌లోనో ప్రైమరీలోనో ఉంది. కంట్రోల్ బాగుండి రోగి ముక్క మాత్రమే ఖాళీ అయితే ఫార్మలిన్ చరిత్ర అడగండి. అన్నీ గోధుమ రంగులో వస్తే ప్రైమరీ గాఢత, కడగడం, ఎక్కడో ఆరడం, ఈ వరసలో అనుమానించండి. ఎర్ర రక్తకణాలు మాత్రమే పడితే పెరాక్సైడ్ పాతది. ఇంతకుముందు సూది గుచ్చిన చోట కనిపించే గోధుమ రంగు పొడి పాత నెత్తుటి ఇనుము కావచ్చు. ప్రైమరీ వేయని స్లైడ్‌లో కూడా అది అక్కడే ఉంటుంది కాబట్టి తేలిగ్గా దొరికిపోతుంది.

ఇక రిజిస్టర్. యాంటీబాడీ లాట్ నంబరు, పలచన, బఫర్ కలిపిన తేదీ, కుక్కర్ నిమిషాలు, డీఏబీ నిమిషాలు, కంట్రోల్ ఎలా ఉంది. ఒక్కో రన్‌కు ఒక్క వరస చాలు. ఒకసారి మా దగ్గర టాన్సిల్ కంట్రోల్ వారం వారం పలచబడుతూ వచ్చింది. కొత్త యాంటీబాడీ తెప్పించాం, అదీ అంతే. అమ్మినవాళ్లతో గొడవ పడటానికి సిద్ధమై రిజిస్టర్ తిరగేస్తే, పలచబడటం మొదలైన తేదీకి రెండు రోజుల ముందు కొత్త ట్రిస్-ఈడీటీఏ కలిపినట్టు ఉంది. పీహెచ్ కాగితం వేసి చూస్తే తొమ్మిదికి చాలా దూరంలో ఉంది. పీహెచ్ మీటర్ దగ్గరికి వెళ్లి ప్రోబ్ మూత తీశాం. లోపల నిలవ ద్రవం చుక్క లేకుండా ఎండిపోయి, గాజు చివర తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది.